కొత్త స్టార్టర్

మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్ళే బస్సులో కూర్చుని, ఫోన్లో నా భార్యతో గట్టిగానే మాట్లాడుతున్నాను. బకెట్లో పెట్టే హీటరు ముట్టుకుంటే కరెంటు కొడుతోందట. షాపువాళ్ళు వాయిదాల్లో గీజరు ఇస్తామంటున్నారట.

"అప్పు మాట ఎత్తకు. జీతం రానీ, నగదుకే కొందాం" అని పెట్టేశాను. కాస్త గర్వంగా కూడా అనిపించింది.

పక్క సీట్లో అరవై ఏళ్ళ రైతు. ఆయన ఒళ్ళో అట్టపెట్టె, అందులో పొలం మోటారుకి బిగించే కొత్త స్టార్టర్.

"నేనూ అంతే బాబూ. ఒకరికి రూపాయి బాకీ లేను" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పాత స్టార్టర్ షాక్ కొడతా ఉండేది. తీసుకుపో, మిరపకాయలు అమ్మినాక ఇద్దువుగాని అన్నాడు షాపాయన. మా ఇంటిది కూడా తెమ్మని చానా పోరింది. నేనే ఇనలా. నెల రోజులు ఓర్చుకోవే, నగదుకే తెద్దాం అన్నా. ఓ పొద్దున నేను ఊళ్ళో లేను. తడి చేత్తో అదే పోయి మోటారు ఏసింది."

ఆ పెట్టె వైపు చూశాను.

"ఇది నగదుకే కొన్నా" అన్నాడు.

రెంటచింతలలో ఆయన దిగిపోయాడు. బస్సు కదలకముందే ఇంటికి ఫోన్ చేశాను. తొమ్మిదో రింగుకి ఎత్తి, "ఏందండీ మళ్ళా?" అంది నా భార్య.

గీజరు వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి. ఆ తొమ్మిది రింగులు మాత్రం ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి.