గొర్రెపిల్ల కేకుకు సామాన్లు

నా భార్య కేకులు చేసి అమ్ముతానన్న రోజే నేనొక దండం పెట్టి పక్కకు తప్పుకోవాల్సింది. అలా కాకుండా "సామాన్లు నేను తెస్తాలే" అన్నాను. అలా ఎందుకన్నానంటే, అంతకుముందు ఆమె రెండు పనులు మొదలుపెట్టి మానేసింది. జాకెట్లు కుట్టింది. ఒకదాన్ని పైకెత్తి "ఈ చెయ్యి ఎవరికి పడుతుంది?" అన్నాను. కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పేసింది. ఊరగాయలు పెట్టింది. ఉప్పు గురించి ఏదో అన్నాను. జాడీలు అటకెక్కాయి. జమ్మలమడుగు రిజిస్ట్రారు ఆఫీసు ముందర ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి, తప్పు కనపడితే నోరు ఊరుకోదు. ఈసారి ఆమె ముందే చెప్పింది.

"ఇది గూడా పోతే ఇంగ నేను ఏ పనీ ఎత్తుకోను. చెప్తాండా."

ఇరుగుపొరుగుకు నాలుగైదు కేకులు చేసిపెట్టాక బయటినుంచి మొదటి ఆర్డరు వచ్చింది. పెన్న అవతలి పల్లెలో గొర్రెలు మేపే కుటుంబం. ఆ ఇంటి కోడలు ఫోను చేసి, బిడ్డకు మొదటి పుట్టినరోజని, గొర్రెపిల్ల బొమ్మతో కేకు కావాలని అడిగింది. బిడ్డ ఇంట్లో ఒక గొర్రెపిల్లతోనే పెరుగుతోందట. నా భార్య ఫోనులో వీడియోలు తిరగేసి ఒక గొర్రెను ఎంచుకుంది. ఒళ్ళంతా ఉంగరాలు తిరిగిన ఉన్ని, నల్లటి మూతి. ఆ ఉన్నిని క్రీముతో వేయాలంటే ఒక రకం నాజిల్ ఉండాలి, అంటే క్రీము సంచి మొనకు తొడిగే చిన్న స్టీలు గొట్టం. మూతికి నల్ల రంగు. ఆపైన క్రీము. మూడంటే మూడు వస్తువులు.

మా ఊరి అంగట్లో నాజిల్ అని అడిగితే శనగచేనుకు మందు కొట్టే పంపుది చేతిలో పెట్టారు. ఫోనులో బొమ్మ చూపించాను. అంగడాయన దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, చివరికి ఒక గరాటు తెచ్చిచ్చాడు. "దీంట్లో గూడా కారుతాది లేప్పా" అన్నాడు.

ప్రొద్దుటూరు బస్సెక్కాను. బంగారు అంగళ్ళ వెనక సందులో కేకు సామాన్ల అంగడి ఉంది. అక్కడ తినే బంగారు రేకులున్నాయి, తినే వెండి గుండ్లున్నాయి. ఆ ఊర్లో కేకు కూడా నగ పెట్టుకోకుండా గడప దాటదు కాబోలు. నలుపు మాత్రం లేదు.

"పుట్టినరోజుకు నలుపేందప్పా? ఎవురూ అడగరు. నేను తెప్పియ్యను" అన్నాడు ఆ అంగడాయన. నాజిళ్ళ డబ్బా తెరిచి చూపించాడు. పూలు వేసేవి, ఆకులు వేసేవి, ఇంకా ఏవేవో ఉన్నాయి. నాకు కావలసిందొక్కటే అందులో లేదు. క్రీము రాయిలా గడ్డకట్టి ఫ్రీజరులో ఉంది. "ఇంటికి పొయ్యేదంకా కరగగూడదు సూడు" అన్నాడు. మే నెల మిట్టమధ్యాహ్నం ప్రొద్దుటూరు బస్టాండులో మనిషే కరిగిపోతున్నాడు, క్రీమును ఎవరు ఆపుతారు? దాన్ని చివర కొందామని పులివెందుల పోయాను.

పులివెందులలో ఒక బేకరీ అద్దం వెనక నేను వెతికే నాజిల్ కళ్ళారా కనపడింది. బేకరీ ఆయన దాన్ని చేతిలో పట్టుకునే చెప్పాడు.

"ఉంది గానీ అమ్మను. మీరే చేసుకుంటే మా కేకు ఎవురు కొనాల?"

వాదించాను. ఇంత వయసొచ్చి నడిరోడ్డులో గొర్రె ఉన్ని కోసం కొట్లాడతానని ఎన్నడూ అనుకోలేదు. చివరికి ఆయనే విసుగెత్తి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ అంగడి చూపించాడు. ఆ అంగడి నడిపే ఆమె భర్త కువైట్‌లో బేకరీ పని చేస్తాడట. సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన సామాన్లు ఒక బిస్కెట్ల డబ్బాలో పడి ఉన్నాయి. అందులో నాజిల్ ఉంది, నల్ల రంగూ ఉంది.

"ఆడ నలుపు శానా వాడతారంట మామా. ఈడ ఒగరూ కొన్లేదు. తీస్కపో" అంది.

మరుసటి రోజు మళ్ళీ ప్రొద్దుటూరు పోయి క్రీము కొని, టిఫిను క్యారియరులో ఐసుముక్కల మధ్య పెట్టి ఒళ్ళో పట్టుకుని బస్సులో వచ్చాను. ఐసు కరిగి నా పంచె తడిసింది, పక్కాయన ప్యాంటు తడిసింది. నన్ను ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నా భార్య పూటంతా వంగిన నడుము ఎత్తకుండా ఆ కేకు చేసింది. ఇంట్లో ఉన్న పచ్చరంగు క్రీములో కలిపి గొర్రెపిల్ల చుట్టూ గడ్డి కూడా వేసింది. తప్పు కోసం చుట్టూ తిరిగి చూశాను. ఒక్కటీ దొరకలేదు. చాలా బాగుంది. ఆ మాట మాత్రం బయటికి అనలేదు.

మరునాడు ఆటోలో పల్లెకు తీసుకుపోయాం. బిడ్డ తాత వచ్చి కేకు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మా గొర్రెలకు ఉన్ని యాడిదప్పా? ఇది కుక్కపిల్ల మాదిరి ఉంది" అన్నాడు.

చుట్టూ అందరూ నవ్వారు. నేను దొడ్డివైపు చూశాను. సన్నటి కాళ్ళు, వేలాడే చెవులు, నున్నటి తెల్లని ఒళ్ళు, కళ్ళ చుట్టూ నలుపు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేనెక్కిన బస్సులకు అడ్డం పడుతున్న గొర్రెలే అవి. ఒక్కదానికీ ఉన్ని లేదు. ఆ లేని ఉన్ని కోసం మూడు ఊర్లు తిరిగానని నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను చూసే బదులు ఒకసారి ఇక్కడికొచ్చి గొర్రెను చూస్తే ఏం పోయింది? మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే నా భార్య నా వైపు చూసింది. ఆ మాట మింగేశాను.

"ఎట్లుండాల్నో చెప్పు పెద్దాయనా, ఇప్పుడే మారుస్తాది" అన్నాను.

కోడలు తెచ్చిచ్చిన గరిటె వెనకవైపుతో నా భార్య ఆ ఉంగరాలన్నీ నున్నగా అద్దేసింది. ముసలాయన పక్కనే కూర్చుని "సెవులు ఇంగా కిందికి... కంటి సుట్టూ నలుపు... మూతికి అంత వద్దు" అని చెప్తూ పోయాడు. అది వాళ్ళ గొర్రెపిల్ల అయింది. బిడ్డ ముందుకు వంగి దాని వీపు మీద అరచెయ్యి పెట్టింది. కత్తి తెచ్చేసరికి తాత అడ్డం పడ్డాడు. "పుట్టినరోజు పూట పిల్ల మీద కత్తేందమ్మా? గడ్డి కాడ కొయ్యండి" అన్నాడు. అందరం గడ్డే తిన్నాం.

తిరుగు దారిలో ఆటోలో ఆమె నా వైపు తిరిగింది. "ఆయప్ప ఉన్ని లేదన్నప్పుడు నాకేం భయం కాలేదు. నువ్వేమంటావో అని భయపడినా."

"కేకు బాగుండింది" అన్నాను.

"మార్చినాకనా?"

"ముందు గూడా."

ఆమె ఖాళీ అట్టపెట్టెను ఒళ్ళోకి సర్దుకుంది. "ఆ మాట నిన్న ఇంట్లో అనింటే, రాత్రి నిద్రన్నా పోయిందును" అంది.