ముగ్గురు ఓబులేసులకు ఒకటే అర

జయప్రకాష్‌ను మంచివాడనేవాళ్లు నంద్యాలలో చాలామందే ఉన్నారు. మిషన్ బడి పంతులు బాలస్వామి కొడుకు, ఆదివారం చర్చికి పోతాడు, సిగరెట్ ముట్టడు. వీటిలో ఏ ఒక్కటీ రెండువేల రెండు ఆగస్టులో ఆళ్లగడ్డ అవతల ఒక మనిషిని కాపాడలేదు.

బస్టాండు వెనక ఒక కంప్యూటర్ సెంటర్లో అతను డేటా ఎంట్రీ చేసేవాడు. అట్ట ఊడిన పుస్తకం ముందేసుకుని పెర్ల్ అనే ప్రోగ్రాముల భాష నేర్చుకుంటూ ఐదో అధ్యాయం దాకా వచ్చాడు. ఫైలు తెరవడం, ఒక్కో వరసనూ ముక్కలు చేయడం, ఆ ముక్కల్ని హ్యాష్‌లో పెట్టడం, అంతవరకే. హ్యాష్ అంటే పేర్లు అంటించిన అరల బీరువా అనుకోండి. పేరు చెబితే ఆ అరలో ఉన్నది చేతికొస్తుంది. కొత్త విద్యకు పని దొరక్క చేతులు దురద పెడుతున్న రోజుల్లో ఒక పొద్దున మహేంద్ర వచ్చాడు. ఆళ్లగడ్డ వైపు ఒక వర్గం పెద్దకు అతను కుడిభుజం. రెండు ఫ్లాపీలు బల్ల మీద పడేశాడు.

"ఏమప్పా జయప్రకాషూ, దీంట్లో పద్నాలుగు పేర్లుండాయి. దాంట్లో ఊరంతా ఉంది, ఇండ్ల నంబర్లతో సహా. ఈ పద్నాలుగు మందీ యాడ యాడుండారో ఒక కాయితం మింద రావాల."

"ఎందుకన్నా?"

"పెండ్లి పత్రికలియ్యాల."

"ఆ ఊర్లో అడిగితే చెప్తారు గదన్నా."

"ఆ ఊర్లో మా మొగం కనపడితే తలకాయలు తీస్తారు" అని మహేంద్ర నవ్వాడు. జయప్రకాష్ కూడా నవ్వాడు. తలకాయలు తీసే ఊరికి పెళ్లి పిలుపులేమిటని అడగాల్సిన చోట నవ్వాడు. ప్రోగ్రాము రాయాలని అంత ఆశ.

పద్నాలుగు పేర్లనూ ఒక్కొక్కటిగా వెతికినా అరగంటలో అయిపోయేది. అతను పంతొమ్మిది వరసల పెర్ల్ రాశాడు. పేర్ల ఫైల్లో మొదటి వరస శీర్షిక, చదవకుండా వదిలేయమంది పుస్తకం. వదిలేశాడు. పేరు పట్టుకుని రెండు ఫైళ్లనూ కలపమంది. కలిపాడు. రెండింట్లోనూ ప్రతి పేరు పక్కన వాళ్ల తండ్రి పేరు ఉన్నా దాని జోలికి పోలేదు. కన్ను మూసి తెరిచేలోగా పద్నాలుగు పేర్లు, పద్నాలుగు ఇంటి నంబర్లు.

"ఇంత బేగా అయిపాయనా!" అని మహేంద్ర వీపు చరిచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

తన పని తానే చూసి మురిసిపోవాలని జయప్రకాష్ ఇంకో వరస చేర్చాడు, అరలెన్నో లెక్కపెట్టమని. ఊరి ఫైల్లో మనుషులు పద్దెనిమిది వందల అరవై ఇద్దరు. అరలు పదకొండు వందల ఏడు. మిగిలినవాళ్లు ఏమైనట్టు?

ఆ పల్లెల్లో పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. ముగ్గురు అన్నదమ్ములుంటే ముగ్గురి పెద్దకొడుకులదీ ఒకటే పేరు. అహోబిలం దగ్గరి ఊరు కనక ఆ పేరు తరచూ అక్కడి స్వామి పేరు, ఓబులేసే. ఊళ్లో ఎవరూ తికమకపడరు, టైలరు ఓబులేసు, బోరింగు ఓబులేసు అని పిలుచుకుంటారు. ఆ పిలుపులు ఏ జాబితాకీ ఎక్కవు. హ్యాష్‌లో ఒక పేరుకు ఒకటే అర. రెండోవాడు రాగానే మొదటివాణ్ని బయటికి తోసేసింది. చివరికొచ్చినవాడు మిగిలాడు.

పద్నాలుగు పేర్లలో పదమూడు ఊళ్లో ఒక్కొక్కరివే. ఓబులేసులు మాత్రం ముగ్గురు. తండ్రి పేరు పోల్చి చూస్తే, మహేంద్ర అడిగిన ఓబులేసు ఉండేది 2-17లో. కాగితం మీద పడింది 4-61. అప్పుడు జయప్రకాష్ తాను చదవకుండా వదిలేసిన శీర్షిక చదివాడు: "హత్య కేసు సాక్షులు."

ఆ సాక్షులు వేటకొడవళ్ల కాపలా మధ్య బతుకుతున్నారని టీ కొట్ల దగ్గర అందరికీ తెలుసు. 4-61లో ఉన్నవాడికి ఏ కాపలా లేదు. పోలీసులకు చెప్పాలంటే మహేంద్ర పేరు చెప్పాలి, ఆ ధైర్యం లేదు. తండ్రికి చెప్పాడు. బాలస్వామి కళ్లు మూసుకుని, "ప్రార్థన చేద్దాం నాయనా" అన్నాడు.

"నువ్వు ఆమెన్ అనేలోగా బస్సు పోతుంది" అని జయప్రకాష్ పరుగెత్తాడు.

ఆళ్లగడ్డలో దిగి జీపు పట్టుకుని ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. 4-61 వసారాలో బక్కపలచని మనిషి మిషను తొక్కుతున్నాడు. భార్య బాలమ్మ గుండీలు కుడుతోంది.

"ఓబులేసు నువ్వేనా అన్నా?"

"ఈడ ఓబులేసా అంటే ముగ్గురం పలుకుతాం. నేను టైలర్ని. నీకు యా ఓబులేసు కావాల?"

"నిన్ను చంపనీకి వస్తాండారు. బేగా లెయ్."

టైలరు నోట్లో సూది తీసి మరీ నవ్వాడు. "నన్నా? రెండు పార్టీలకూ చొక్కాలు కుట్టేది నేనే గదప్పా! నన్ను చంపి గుడ్డలేడ కుట్టించుకుంటారు?"

"కాయితంలో సాక్షికి బదులు నీ ఇంటి నంబరు పడింది."

"యా నా కొడుకు ఏసినాడు?"

"నేనే."

బాలమ్మ లేచి చెంప పగలగొట్టింది. "అయితే ఈడికొచ్చి ఏం జేస్తాండావ్? వాళ్లతానికి పొయ్యి తప్పని చెప్పు!"

"చెప్తే ఆ ఓబులేసు ఇంటికి పోతారక్కా."

"పోనీ! సాక్ష్యం చెప్పింది వాడు. మేం చెప్పినామా?"

అంతలో వీధి మొదట్లో జీపు ఆగింది. జయప్రకాష్ టైలరు చెయ్యి పట్టి పెరటివైపు లాగాడు. ఓబులేసు విదిలించుకున్నాడు. "ఉండప్పా, నా మొగం చూస్తే వాళ్లే ఎనక్కి పోతారు" అంటూ మెడలో కొలతల టేపుతోనే వీధిలోకి నడిచాడు.

"అన్నా, నేను టైలర్నన్నా! నీ చొక్కా..."

మొదటి బాంబు కాళ్ల దగ్గర పేలింది. పొగలోంచి నలుగురు వచ్చారు. పడ్డవాణ్ని పేరడిగారు. అతను ఓబులేసేనన్నాడు. అది అబద్ధం కాదు కదా. కొడవళ్లు ఎన్నిసార్లు లేచాయో జయప్రకాష్ గోడ చాటునుంచి చూశాడు. మెడ మీద, చేతుల మీద, చేతులు ఆగిపోయాక కూడా. నలుగురిలో మహేంద్ర ఉన్నాడు.

పోలీసులు వచ్చేసరికి ఊళ్లో ఎవరూ ఏమీ చూడలేదు. బాలమ్మ కూడా చూడలేదు. మొగుడి రక్తంలో కూర్చునే ఆ మాట చెప్పింది. ఇద్దరు పిల్లలతో ఆ వీధిలోనే బతకాలి. జయప్రకాష్ ఒక్కడే ముందుకొచ్చి, "నేను చూసినా. మహేంద్ర" అన్నాడు. పొద్దున లేని ధైర్యం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి దాంతో పనిలేదు.

కేసు నాలుగేళ్లు నడిచింది. ఈలోపు అతని ఇంటి మీద రెండుసార్లు రాళ్లు పడ్డాయి. ఒకసారి కుడిచేతి రెండు వేళ్లు విరగ్గొట్టారు. సెంటర్ వాళ్లు రావద్దన్నారు. సాక్ష్యం మాత్రం మార్చుకోలేదు. కోర్టులో మహేంద్ర వకీలు ఒకటే అడిగాడు: "ఆ ఇంటి నంబరు ఇచ్చింది ఎవరు?"

"నేనే."

"అంటే చంపించింది నువ్వే?"

జయప్రకాష్ హ్యాష్ గురించి, అరల గురించి, తాత పేర్ల గురించి పావుగంట చెప్పాడు. కోర్టులో ఒక్కరికీ అర్థం కాలేదు. జడ్జి విసుగ్గా, "కంప్యూటర్ పొరపాటు అని రాసుకోండి" అన్నాడు.

"కాదు సార్" అన్నాడు జయప్రకాష్. "కంప్యూటర్ నేను చెప్పిందే చేసింది. నా పొరపాటని రాయండి."

అలాగే రాశారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని, హత్యలో తన చెయ్యీ ఉన్న ఈ సాక్షి నమ్మదగినవాడు కాడని వకీలు వాదించాడు. జడ్జి ఒప్పుకుని కేసు కొట్టేశాడు. మహేంద్ర ఆ సాయంత్రమే బయటికొచ్చాడు.