మూఢం వస్తే బయల్దేరే కారు

మా మామగారు పోయిన నెల పోయారు. మధ్యాహ్నం భోంచేసి, కొట్లో పరుపు మీద కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆ వేళకి కొట్లో ఒక్క బేరం కూడా లేదు, మూఢం నడుస్తోంది. చూడ్డానికొచ్చిన పామర్రు జనమంతా ఒకటే మాట. "ముహూర్తాల్లో పోతే పది ఇళ్ళవాళ్ళు ఇబ్బంది పడతారని, తీరిక చూసుకుని పోయాడు మహానుభావుడు" అని. మెచ్చుకోలుగానే అన్నారు పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో మీకు తెలియాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది పెళ్ళి బట్టల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో సంబంధం కుదిరినా మధుపర్కాల దగ్గర్నుంచి పెట్టుబడి చీరల దాకా మా దగ్గరే తీస్తారు. ముహూర్తాలు ఉన్నన్నాళ్ళూ మాకు కుదురుగా కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. మూఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవటమే. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా పోయి కొన్నాళ్ళు కంటికి కనపడకుండా ఉంటే దాన్నే మూఢం అంటారు, అన్నాళ్ళూ ఎవరూ పెళ్ళి తలపెట్టరు. అందుకని మా ఇంట్లో సెలవులంటే మూఢమే. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఎంతమందో ఉంటారు గానీ, మూఢం ఎప్పుడా అని చూసి పెట్టుకునేది మేమొక్కళ్ళమే.

నేను విజయవాడ పటమట పిల్లని. పెళ్ళయిన రెండో నెలలోనే మూఢం వచ్చింది. మా ఆయన కొడైకెనాల్ వెళ్దామంటే మురిసిపోయి చీరలు సర్దుకున్నాను. తెల్లారి కిందికి దిగేసరికి కారు ముందు సీట్లో మామగారు, వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని అత్తయ్యగారు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన స్టీరింగు వంక చూశారు. "అక్కడ సూర్యుణ్ణి చూపించే అబ్జర్వేటరీ ఉందటమ్మా, నువ్వూ చూద్దువు గాని రా" అన్నారు మామగారు, నాకేదో వరం ఇస్తున్నట్టు. హనీమూన్‌కి వెళ్ళి సూర్యుణ్ణి చూసొచ్చిన పెళ్ళికూతురు కృష్ణా జిల్లాలో ఇంకొకతి ఉందనుకోను.

ఆయనకో అలవాటుండేది. దారిలో కిలోమీటరు రాయి కనపడితే చాలు, పైకి చదివేవారు. ఒంగోలు దాటి, నెల్లూరు దాటి, తమిళనాట అక్షరం రాని చోట కూడా అంకె మాత్రం చదివేవారు. నాకు తల వాచిపోయేది. ఘాట్ రోడ్డెక్కాక ఇంక ఆ గొంతు వినే ఓపిక కూడా పోయింది, మలుపు మలుపుకీ కడుపులో తిప్పి చివరికి కొంగు నిండా వాంతి చేసుకున్నాను. కొత్త కోడల్ని, అత్తమామల ముందు. సిగ్గుతో చచ్చిపోయాను. కారు ఆపించి, పిట్టగోడ పక్కన నన్ను కూర్చోబెట్టి, నీళ్ళ సీసా తీసుకుని ఆయనే ఆ కొంగు కడిగారు. నేను లాక్కోబోతే ఊరుకోలేదు. "బట్ట సంగతి నాకు తెలిసినట్టు నీకు తెలుసా? నలపకు, జరీ పాడవుద్ది" అన్నారు. కింద లోయ, మబ్బులు, అందరూ ఫొటోలు దిగే చోటు అది. ఆయన మాత్రం ఆ మబ్బుల వంక చూడకుండా నా కొంగు ఎండేదాకా రెండు చేతులతో పట్టుకుని గాలికి నిలబడ్డారు. మా నాన్న తర్వాత నాన్నని అక్కడే చూసుకున్నాను.

అబ్జర్వేటరీలో సూర్యుణ్ణి ఒక తెల్లటి తెర మీద పడేలా చేసి చూపించారు. గుండ్రంగా, మధ్యలో రెండు నల్ల మచ్చలతో. అందరూ భక్తిగా చూస్తుంటే మా మామగారు అలవాటు కొద్దీ వంగి, ఆ మచ్చలు దగ్గరగా చూసి, "మన కొట్లో అయితే దీనికి తగ్గించమని గొడవ చేసేవాళ్ళు" అన్నారు. అత్తయ్యగారు ఆయన్ని గిల్లారు.

అసలు ఆయన చూడాలనుకున్నది సూర్యుణ్ణి కాదు, గురుడిని. తిరుగు ప్రయాణంలో చెప్పారు ఆ మాట. "ఆయన పైన ఉంటే కొట్లో బేరం. లేకపోతే లేదు. మా నాన్నకీ నాకూ అన్నం పెట్టింది ఆయనేనమ్మా. ఇన్నేళ్ళు ఆయన సొమ్ము తిని ఒక్కసారన్నా దగ్గరికెళ్ళి మొహం చూడకపోతే ఎట్లా?" టెలిస్కోపులో చూస్తే గురుడి చుట్టూ నాలుగు చందమామలు వరసగా కనపడతాయని ఎవరో చెప్పారట ఆయనకి. ఆ నాలుగూ చూడాలని కోరిక.

మరుసటేడు కావలూరు వెళ్ళాం. అది తమిళనాడులో అడవి మధ్య కొండల మీద ఉండే అబ్జర్వేటరీ, మేం వెళ్ళిన శనివారం సాయంత్రం జనానికి చిన్న టెలిస్కోపులోంచి ఆకాశం చూపిస్తున్నారు. మామగారు కొత్త పంచె కట్టుకుని, గురుడికి పసుపంటే ఇష్టమని పసుపుపచ్చ కండువా వేసుకుని, పెళ్ళివారింటికి వెళ్ళినట్టు తయారయ్యారు. మా వంతు రాగానే "గురుడిని చూపించండి బాబూ" అన్నారు. అక్కడ చూపించే ఆయనకి తెలుగు వచ్చు. "జూపిటర్ ఇప్పుడు కనపడదు సార్. సూర్యుడి దగ్గరికి పోయింది. ఇంకో నెల ఆగి రండి" అన్నారు.

మేం నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. గురుడు కనపడటం లేదనే కదా మూఢం. మూఢమనే కదా కొట్టు మూశాం. కొట్టు మూశామనే కదా గురుడిని చూద్దామని ఇంత దూరం వచ్చాం. ముందు మామగారికే నవ్వొచ్చింది. ఆ కండువాతోనే మొహం తుడుచుకుంటూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ చూపించే ఆయన జాలిపడి, దానికి బదులు శని గ్రహం చూడండన్నారు. ఆ మాట వినగానే అత్తయ్యగారు "నాకొద్దు నాయనా" అని వెనక్కి తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

తెలిసింది కదా, ఇంకోసారి ముహూర్తాల్లో వెళ్ళొచ్చుగా అంటారు మీరు. మేమూ అన్నాం. కానీ ముహూర్తాలుంటే మామగారు కొట్టు వదలరాయె. "ఈ సీజన్ కానీ" అనేవారు. అది అయ్యేసరికి మళ్ళీ మూఢం. అయినా కారు తీసేవాళ్ళం. హొగెనకల్ జలపాతం, ఊటీ, ఏర్కాడు, హైదరాబాద్ దగ్గర రంగాపూర్ అబ్జర్వేటరీ, అన్నీ చూశాం. శుక్ర మూఢంలో వెళ్ళినప్పుడేమో మబ్బులు అడ్డం. గురుడిని తప్ప అందరినీ చూశాం. మా ఆయన విసిగిపోయి, ఆన్‌లైన్లో మంచి టెలిస్కోపు దొరుకుతోంది, తెప్పిస్తానన్నారు. మామగారు ఒప్పుకోలేదు. "ఆయన్ని మన ఇంటికి పిలిపించుకునేంత వాళ్ళమట్రా? మనమే వెళ్ళాలి" అన్నారు. మొండితనం అంటే అదీ.

కిందటేడు ఆయన గుండె బలం తగ్గిందని విజయవాడలో డాక్టరు చెప్పారు. మెట్లు ఎక్కొద్దన్నారు, కొట్లో కూర్చోవద్దన్నారు. వింటేగా. అప్పటికి గానీ ఆయనకి గడువు తెలిసిరాలేదు. ఈ వైశాఖంలో, మంచి ముహూర్తాల మధ్యలో, తనంతట తానే అన్నారు. "ఈ శనివారం కావలూరు వెళ్దాం. కొట్టు మూసెయ్. మూఢం రాకముందే చూసొద్దాం." సీజన్లో షట్టరు దించటం మా ఆయన పుట్టాక జరగలేదు. అయినా సరేనన్నాం. డాక్టర్ని బతిమాలి మందులు రాయించుకున్నాం. మెత్తలు, మందులు, పులిహోర అన్నీ కార్లో పెట్టాం.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరబోతుంటే ఆటో వచ్చి ఆగింది. ఒక తల్లీ, పెళ్ళికూతురూ. పెళ్ళికొడుకు నాయనమ్మకి ఒంట్లో బాగోలేదట, మూఢం దాటేదాకా ఆగలేమని ముహూర్తం ముందుకు జరిపారట. నాలుగు రోజుల్లో పెళ్ళి. ఇంకా ఒక్క గుడ్డ ముక్క కొనలేదు. మా ఆయన దండం పెట్టి, "మచిలీపట్నం వెళ్ళండమ్మా, అక్కడ అన్నీ దొరుకుతాయి" అన్నారు. ఆ తల్లి కారులోకి తొంగిచూసింది. "నా పెళ్ళికీ పెద్దాయన చేత్తోనే తీసుకున్నామండీ" అంది.

మామగారు సీటు బెల్టు తీశారు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "దిగకండి మామయ్యగారూ, మీకు దండం పెడతాను" అన్నాను. ఆయన నా చెయ్యి మెల్లగా పక్కకి తీశారు. "గురుడు ఉన్నన్నాళ్ళే కదమ్మా వీళ్ళకి ముహూర్తం. వీళ్ళని వదిలేసి వెళ్తే ఆయన మొహం ఎట్లా చూడను?"

షట్టరు తీశాం. సాయంత్రం దాకా ఆయనే పరుపు మీద కూర్చుని ఒక్కో చీరా విప్పి ఆ పిల్ల భుజం మీద వేసి చూపించారు. ఆ పిల్లకి తొందరగా ఏదీ నచ్చదు. ఆ తల్లీకూతుళ్ళని నేను మనసులో తిట్టని తిట్టు లేదు. దీపాలు పెట్టే వేళకి ఆయనకి ఆయాసం ఎక్కువైంది, కారు తమిళనాడుకి బదులు విజయవాడ ఆసుపత్రికి వెళ్ళింది. ఇంక కొండలెక్కే ప్రయాణం మాటే ఎత్తొద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మామగారు మా ఆయన భుజం పట్టుకుని డాబా మీదికి వచ్చేవారు. పడమట గురుడు ఉత్త కంటికి మామూలు చుక్కలాగే కనపడేవాడు. "వీధిలోంచి చూసి వచ్చేస్తున్నట్టుంది, లోపలికి వెళ్ళకుండా" అన్నారొకసారి. రోజురోజుకీ ఆ చుక్క కిందికి దిగి, సందె వెలుగులో కలిసిపోయింది. మూఢం వచ్చింది. ఆ మూఢంలోనే ఆయన పోయారు. తీరిక చూసుకుని పోయాడని జనం అంటే నాకు ఎందుకు మండదు చెప్పండి. ఆయన తీరిక ఎప్పుడు చూసుకున్నారు గనక?

నిన్న మూఢం వెళ్ళిపోయింది. పడమట దిగిన గురుడు ఇప్పుడు తెల్లవారుజామున తూర్పున పైకొస్తాడు. ఇవాళ తెల్లవారుతుండగా అత్తయ్యగారు మంచం మీద లేకపోతే భయపడి డాబా ఎక్కాను. పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నారు. వానకి కడిగిన ఆకాశం, కింద నారుమళ్ళు, తూర్పున ఒకటే చుక్క.

"అదేనా?" అన్నారు.

"అదే" అన్నాను.

అత్తయ్యగారు కొంగు భుజం చుట్టూ కప్పుకున్నారు. దండం పెట్టుకుంటారనుకున్నాను. పెట్టలేదు. ఆయన కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషితో మాట్లాడినట్టు, ఆ చుక్కతో చాలా మర్యాదగా, "ఆయన లేరండీ" అన్నారు.

వెలుగొచ్చి ఆ చుక్క కనపడకుండా పోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.