బావగారు వెతికిన విండో

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. మా అక్క మీద మాత్రం ఒట్టు వెయ్యను. ఆవిడ పోగొట్టుకున్నది చాలు. నా రెండు కళ్ల మీద ఒట్టు... ఆ రాత్రి నేను తాగి లేను, నిద్రలోనూ లేను. మాది లూథరన్ కుటుంబం. దెయ్యాల మాట ఎత్తితేనే పాస్టరుగారు కోప్పడతారు. అయినా చూసింది చూశాను.

కడియం దగ్గర అక్కా బావలకి చిన్న నర్సరీ ఉంది. మామిడి అంట్లు పెంచే షెడ్డులో గంటగంటకీ నీటి తుంపర పడాలి. మోటారు దానంతట అదే ఆన్ అయ్యేలా ఆఫీసు గదిలో కంప్యూటర్‌కి నేనే ప్రోగ్రాం రాసిచ్చాను. బావగారితో చిక్కల్లా ఒక్కటే. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు స్క్రీన్ అడుగున టాస్క్‌బార్‌లో ఏం కనబడినా మూసేసేవారు. ఎడమవైపు నుంచి వరసగా... ఒక్కొక్కదాని మీద రైట్ క్లిక్, తర్వాత క్లోజ్. నేను నేర్పిందే. వాటితో పాటు నా ప్రోగ్రామూ పోయేది. పొద్దున్నకి షెడ్డు ఎండిపోయి ఉండేది.

"అదొక్కటీ వదిలెయ్యండి బావగారూ" అని ఎన్నిసార్లు చెప్పానో.

"తెరిచి వదిలేసి ఎలా వెళ్తామయ్యా? మనసొప్పదు" అనేవారు.

నాకు విసుగొచ్చింది. ఒకరోజు కోడ్‌లో 'షో ఇన్ టాస్క్‌బార్' అన్నచోట ట్రూ తీసి ఫాల్స్ పెట్టాను. విండోని కూడా స్క్రీన్ మీద లేకుండా దాచేశాను. ప్రోగ్రాం లోపల నడుస్తూనే ఉంటుంది, బయటికి జాడ ఉండదు. అదేదో గొప్ప తెలివి అనుకున్నాను.

మర్నాడు ఫోన్ చేశారు. "ఏంటయ్యా, ఆ మోటారుది కనబట్టం లేదు?"

"తీసేశానండి. ఇక మీకు మూసే పని లేదు" అన్నాను. వేళాకోళానికే అన్నాను... సాయంత్రం నిజం చెబుదామనుకుని మరిచిపోయాను.

ఆ రాత్రి బావగారు షెడ్డులో తడి నేల మీద నిలబడి, మోటారు దగ్గర పొద్దుటి నుంచీ ఊడి ఉన్న వైరు కలపబోయారు. దీపం కావాలని మెయిన్ స్విచ్ ఆపలేదు. ఎందుకు ఆపుతారు? మోటారుని ఆన్ చేసేది ఏదీ లేదని నేనే చెప్పానుగా. ఎనిమిది కొట్టింది. నా ప్రోగ్రాం దాని పని అది చేసింది.

బావగారు పోయింది కరెంటు వాళ్ల వల్లేనని అక్క వాళ్లని తిట్టింది. ఇప్పటికీ తిడుతోంది. మోటారు కనెక్షన్ పీకించేశాను గానీ, నోరు మాత్రం విప్పలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయిన మూడో రాత్రి... ఆర్డర్ల జాబితా కాగితం మీదకి ఎక్కించాలని ఆఫీసు గదిలో ఒక్కడినే కూర్చున్నాను. పగలంతా మొక్కల లారీలు, మనుషులు. రాత్రయితేనే వీలు. ఫ్యాను కిర్రుమంటోంది. నేను రాసుకుంటున్నాను. కుడి చేతిలో పెన్ను, ఎడమ చెయ్యి కాగితం మీద.

టిక్.

తలెత్తాను. మౌస్ నాకు మూరెడు దూరంలో ఉంది. బాణం గుర్తు మాత్రం... కదులుతోంది. మెల్లగా. చూపు ఆనని మనిషి కదిపినట్టు, ఆగి... ఆగి... టాస్క్‌బార్ ఎడమ చివరికి వెళ్లింది. చిన్న మెనూ లేచింది. క్లోజ్ మీదికి దిగింది.

టిక్. ఆర్డర్ల జాబితా పోయింది.

పక్కది. టిక్. కాలిక్యులేటర్ పోయింది. తర్వాత ఫోటోలు. టిక్.

ఇక టాస్క్‌బార్‌లో ఏమీ లేదు. బాణం ఆగలేదు. ఖాళీగా ఉన్నచోట నొక్కింది... పక్కకి జరిగి మళ్లీ నొక్కింది... టిక్... టిక్... వెతుకుతోంది! నా ప్రోగ్రాం ఉండే చోటు అదే.

తేమకి మౌస్ చెడితే బాణం దానంతట అదే పాకుతుంది, నాకు తెలుసు. ఎన్ని బాగు చేశానో. కానీ ఎడమ నుంచి వరసగానా? రైట్ క్లిక్ చేసి మరీనా? వైరు పీకేద్దామని చెయ్యి చాచి కూడా పీకలేకపోయాను. భయం కన్నా ఏడుపు ముందొచ్చింది.

కీబోర్డు దగ్గరికి లాక్కుని కోడ్ తెరిచాను. ఫాల్స్ కొట్టేసి ట్రూ అని పెట్టాను. దాచిన విండోనీ పైకి తెచ్చాను. రెండుసార్లు తప్పు పడింది. ప్రోగ్రాం మళ్లీ నడిపాను. టాస్క్‌బార్‌లోకి వచ్చింది.

"బావగారూ... ఇదిగోనండి... నేనే దాచాను" అన్నాను. గట్టిగానే అన్నాను.

బాణం వచ్చింది. సరిగ్గా దాని మీదకి వచ్చి ఆగింది. ఒక్క నొక్కు... ఒక్క నొక్కు నొక్కితే చాలు, నన్ను క్షమించినట్టే అనుకున్నాను. నొక్కలేదు. దూరంగా లారీలో మొక్కలు ఎక్కిస్తున్న వాళ్ల కేకలు సద్దుమణిగాయి. తెల్లవారుజాము రైలు వెళ్లిపోయింది. బాణం అక్కడే ఉంది. కిటికీలో వెలుగొచ్చాక నేనే క్లోజ్ నొక్కాను.

అది మౌస్ చెడడమో, బావగారో... ఈ రోజుకీ నాకు తెలీదు.

అక్క టీ తెచ్చింది. మోటారు లేక నెలంతా నీళ్ల పైపు లాగి లాగి ఆవిడ అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఆ మోటారు మళ్లీ పెట్టరా తమ్ముడూ. నావల్ల కావట్లేదు. మీ బావ చేత్తో కట్టిన అంట్లురా అవి, అవైనా బతకాలి" అంది. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. "పనోళ్లు ఏదోటి నొక్కేస్తారు. ఎవరికీ కనపడకుండా పెట్టు, ఏం?"

"సరేనక్కా" అన్నాను.