పైకప్పును వినే మనిషి

మహబూబాబాద్‌లో మేమిప్పుడు ఉంటున్న ఇంటి వెనక వసారా మీద నాలుగు రేకులున్నాయి. వాన మొదలైనప్పుడు తొలి చినుకులు వాటి మీద విడివిడిగా పడతాయి. పది, పదకొండు దాకా లెక్కపెట్టగలను. ఆ తర్వాత చప్పుడంతా ఒక్కటైపోతుంది. వంటింట్లో నా భార్య జూరి చేస్తున్న పని ఆపేస్తుంది. గరిటె గిన్నెలోనే ఉంటుంది, చెయ్యి గరిటె మీదే ఉంటుంది, మనిషి మాత్రం కాసేపు అక్కడ ఉండదు. ఆ కాసేపట్లో నాకు భూపాలపల్లి గుర్తొస్తుంది: తడిసిన బొగ్గు వాసన, చెక్కపొట్టు వాసన, ఇనుప రేకును మోస్తున్న గుంజకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డ పొడవాటి ముసలాయన. ఆయన కొమురయ్య బాపు. అక్కడ మాకు ఇల్లు అద్దెకిచ్చిన మనిషి.

నాది చిల్పూర్. ఇంజనీరింగ్ అయ్యాక అస్సాంలో ఉద్యోగం చేశాను. అక్కడ జోర్హాట్‌లో బడిలో పాఠాలు చెప్పే జూరిని పెళ్ళి చేసుకున్నాను. తర్వాత భూపాలపల్లిలో కరెంటు ప్లాంటులో పని దొరికింది. రెండు రైళ్ళు మారి, స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, చిల్పూర్‌లో మా వాళ్ళను చూసి, పదకొండు మూటల సామాన్లతో బస్సెక్కి వచ్చాం. జూరి తన ఉద్యోగం వదలలేదు, దసరా దాకా సెలవు పెట్టింది. అప్పటికి మనసు కుదిరితే రాజీనామా పంపుతుంది, కుదరకపోతే తిరిగి వెళ్తుంది. నేనేం చెయ్యాలో అప్పుడు చూద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాం అని రాయడం తేలికే. ఆమె పెట్టెల్లో ఒకటి తాళం తియ్యకుండానే మంచం కింద ఉండేది. నేను ఊడ్చినప్పుడల్లా చీపురు దానికి తగిలేది.

ఇల్లు చూపించిన రోజు కొమురయ్య బాపు మాకంటే ముందు ప్రతి గదిలోకీ వెళ్ళాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో ఇనుప పొన్ను వేసిన పొడవాటి కర్ర ఎత్తి స్లాబును మూడుచోట్ల తట్టాడు. తట్టిన ప్రతిసారీ ఆగాడు. ఆ తర్వాతే మమ్మల్ని రమ్మన్నాడు. కారణం అడిగితే, తాను బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేశానన్నాడు. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది.

"బాయిల అడుగుపెట్టే ముందు పైన తట్టాలె. ఖంగుమన్నదా, గట్టిగున్నట్టు. డొల్లగ మోగిందా, లోపట పగిలినట్టు. చూస్తె రెండూ ఒక్క తీరుగనే ఉంటయి."

కుడిచెవి చూపించి, అది బాయిలోనే ఉండిపోయిందని, రెండోదీ అంతంతమాత్రమేనని చెప్పాడు. మరి ఎలా తెలుస్తుందని అడిగాను. "చెయ్యి వింటది," అన్నాడు. తర్వాత నా ఊరు అడిగాడు. చిల్పూర్ అని చెబితే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"చిల్పూరోనివా? మరి రేడియో లెక్క మాట్లాడుతున్నవేంది?"

జూరికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని నా ముఖం చూసి నవ్వింది. హాస్టల్లో కోస్తా నుంచి వచ్చిన గదిమిత్రులు నా మాటకు నవ్వీ నవ్వీ, నాలుగేళ్ళలో నా భాషను నేనే చిత్రిక పట్టుకున్నాను. ఆ సంగతి అంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఈయన నన్ను కూడా తట్టి చూశాడని ఇప్పుడు అనుకుంటాను.

నాకు జాబితాలు రాసే అలవాటు. 'జూరి కుదురుకోవడం' అని కంప్యూటర్లో ఒక పట్టిక చేశాను. నలభై మూడు వరుసలు. నీళ్ళ ఫిల్టరు, దోమతెర, ఆవనూనె, చేపలు దొరికే రోజులు, హిందీలో మాట్లాడే డాక్టరు. అయినదాని పక్కన టిక్కు. ముప్పై ఒకటో వరుస భాష. ఓ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తలుపు కొడితే లోపలి నుంచి "జర ఆగు" అని వినిపించింది. ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో అడగకుండానే టిక్కు పెట్టేశాను.

ఇంటి పక్కనే కొమురయ్య బాపు రేకుల షెడ్డు ఉండేది. గొడ్డళ్ళకూ పారలకూ కట్టె పిడులు చెక్కేవాడు. వాటిని అక్కడ కామలు అంటారు. వానాకాలం మొదలయ్యాక జూరి మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళి ఓ మొద్దు మీద కూర్చునేదట. ఆయన చెక్కుకుంటూ తన తెలుగులో ఏదో చెప్పేవాడట, ఆమె హిందీలో ఏదో అనేదట. వాన గట్టిగా పడితే ఇద్దరూ ఊరుకునేవారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పట్టికలో దీనికి వరుస లేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. జూరికి నిద్ర ఉండటం లేదు, కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. వాన పెరిగినప్పుడల్లా లేచి షెడ్డు వైపు కిటికీ దగ్గర నిలబడటం మూడు రోజులు గమనించాను. కారణం దొరికిందనుకున్నాను. నలభై నాలుగో వరుస చేర్చాను: రేకుల చప్పుడు. పరిష్కారం కూడా తయారుగానే ఉంది. భూపాలపల్లిలో బొగ్గు మోసి అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్కలు పాత సామాన్ల కొట్లో దొరుకుతాయి. మందపాటి రబ్బరు. రేకుల మీద పరిస్తే చప్పుడు చచ్చిపోతుంది.

కొమురయ్య బాపుకు నా పట్టిక చూపించి చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టాడు.

"బిడ్డ చెప్పిందా?"

చెప్పనవసరం లేదు, నేను చూశానన్నాను. ఆయన చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్లకు తన షెడ్డే ఇబ్బంది అయిందేమోనని ఆయన ముఖం చిన్నబోయింది. తనకు వినపడదు, వినపడేవాళ్ళం మేమే కాబట్టి మా ఇష్టమే అన్నాడు. ఆదివారం జూరి అంగడికి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి బెల్టు పరిచాం. ఆమెకు ముందుగా చెప్పకూడదని, తనే కనుక్కుని సంతోషపడాలని నా ఆలోచన. సాయంత్రం టిక్కు పెట్టాను.

మర్నాడు మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి వాన కుండపోతగా పడుతోంది. జూరి షెడ్డులో నిలబడి తల పైకెత్తి చూస్తోంది. చుట్టూ నీళ్ళు ధారలు కడుతున్నాయి, లోపల చప్పుడు లేదు. బొమ్మలో వాన పడుతున్నట్టుంది. ఎవరు చేశారని అడిగింది. నేనే, నీ కోసమే అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. తన ఊళ్ళో ఇళ్ళన్నీ రేకులవేనని, పుట్టిన దగ్గర్నుంచి ఆ చప్పుడు లేకుండా వానలో నిద్రపోయింది లేదని మెల్లగా చెప్పింది. మన స్లాబు కింద వాన చెప్పకుండా వస్తుంది, చెప్పకుండా పోతుంది, అందుకే నిద్ర పట్టదు అంది. తర్వాత అంది, "ఒక్క ఈ మొద్దు మీద కూర్చున్నప్పుడే వెళ్ళిపోవాలని అనిపించేది కాదు."

ఇంట్లోకి వెళ్ళింది. మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడు వినిపించింది. ఆ రోజంతటిలో నేను స్పష్టంగా విన్నది అదొక్కటే.

షెడ్డులోనే ఉన్న కొమురయ్య బాపుకు, రేకులు మోగడం లేదు గనక, మా మాటలు అందాయి; బాయిలో రకరకాల మనుషులతో పనిచేసిన ఆయనకు మేం మాట్లాడుకునే హిందీ బాగానే తెలుసు. ఆయన నా వైపు చూడకుండా చెక్కుతున్న కామను బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తన చెవి ఎలా పోయిందో చెప్పాడు.

"తెల్వని జాగల గాదు. రోజు పోయే జాగనే. నా చేతులతోని దుంగలు పెట్టిన కప్పే. తెలిసిందే గదా అనుకున్న. ఆ ఒక్కనాడు తట్టలే."

"లిస్టు మంచిగనే రాసినవ్ కొడుకా," అన్నాడు. ఎగతాళి లేదు అందులో.

ఇంట్లోకి వెళ్ళాను. పడకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. మా సొంత గది తలుపు నేను ఎన్నడూ తట్టలేదు. ఆ రోజు తట్టాను. అరచెయ్యి తలుపుకు ఆనించి నిలబడ్డాను. ఆమె తీసింది. వివరించడానికి నా దగ్గర అయిదు కారణాలు వరుసగా ఉన్నాయి, ఒక్కటీ చెప్పలేదు. చెప్పు అన్నాను, అంతే. ఆమె చాలాసేపు మాట్లాడింది. కొన్ని నాకు నచ్చలేదు. ఏదీ రాసుకోలేదు.

ముగ్గురం వానలోనే బెల్టు తీసేశాం. నేను నిచ్చెన మీద, జూరి కింద నుంచి లాగుతూ. ఆఖరి ముక్క జారి పడగానే వాన ఒక్కసారిగా రేకుల మీదికి దిగింది. కొమురయ్య బాపు గుంజకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తనకు అందుతోంది గాని ఆమెకు అందుతోందో లేదో తెలియక అడిగాడు.

"వస్తున్నదా బిడ్డా?"

"మస్తు వస్తున్నది బాపూ," అంది జూరి.

ఉంటుందో వెళ్తుందో ఆ రోజు చెప్పలేదు, నేనూ అడగలేదు. దసరాకు వారం ముందు ఊడుస్తుంటే మంచం కింద చీపురు దేనికీ తగల్లేదు. ఇల్లంతా వెతికాను. పెట్టె వంటింటి అటక మీద ఉంది. లోపల ఖాళీ. ఆమె చీరలు నా బట్టల పక్కన అలమరాలో ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత జూరికి మహబూబాబాద్‌లో బడి ఉద్యోగం వచ్చింది. కొమురయ్య బాపు మా సామాన్ల వ్యానులోనే వచ్చి, ప్రతి గదినీ తట్టి, ఇల్లు మంచిదేనన్నాడు. వెనక వసారాకు రేకులు వేయించాలా వద్దా అన్నది మాత్రం తను చెప్పలేదు, జూరిని అడగమన్నాడు. పోతూ పోతూ కర్ర ఇక్కడే వదిలేశాడు. మరిచిపోయాడనుకుని ఫోన్ చేస్తే ఇంకెక్కడా తట్టే పని లేదన్నాడు. పోయిన చలికాలం ఆయన పోయాడు. కర్ర తలుపు వెనకే ఉంది.

నేనింకా జాబితాలు రాస్తాను. ఆ అలవాటు పోదు. ఏ జాబితాలోనైనా మొదటి వరుస ఖాళీగా వదిలిపెడతాను, అది ఎదుటి మనిషి చెప్పాల్సింది, నేను నింపేది కాదు గనక. ఇప్పుడు రేకుల మీద వాన ఒక్కటైపోయింది. జూరికి చెప్పాల్సిన మాట ఒకటుంది. వంటింటి గుమ్మాన్ని మెల్లగా తట్టి, అరచెయ్యి దానికి ఆనించి, గరిటె మళ్ళీ కదిలేదాకా నిలబడతాను.