పదిహేను దగ్గర ముల్లు

మా నాన్న గుంటూరులో ఒక పత్తి మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్సు మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఒత్తిడి చూపే గేజీలో ముల్లు గీత దాకా వచ్చిందో లేదో చూడటం, వచ్చాక వాల్వు కట్టేయడం ఆయన పని. పత్తి నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఎనభైల నడుమ ఒక మిరప సీజన్లో, దగ్గు ఇక ఆగేటట్టు లేదని బ్రాడీపేటలో ఒక డాక్టరు గారికి చూపించాను.

ఆయన విదేశంలో చదువుకుని వచ్చిన మనిషి. బీరువాలోంచి ఒక పరికరం తీసి, పనయ్యాక తిరిగి ఇమ్మని చేతిలో పెట్టారు. పిడికిట్లో పట్టేంత గొట్టం. ఒక చివర నోట్లో పెట్టుకోవాలి. రెండో చివర గాలి పోయే చిన్న బెజ్జం. పక్కనుంచి సన్నటి రబ్బరు ట్యూబు ఒక గుండ్రటి గేజీకి వెళ్తుంది. నిండా గాలి పీల్చి మెల్లగా వదలాలి. వదులుతున్నంతసేపూ ముల్లు పదికీ ఇరవైకీ మధ్య నిలబడాలి. అలా పదిసార్లు వదిలి దగ్గితే లోపల పట్టుకున్న కళ్లె ఊడి వస్తుందట.

"నెల్రోజులు చూద్దామమ్మా. కళ్లె పడితే ఇంట్లోనే మందులు వాడొచ్చు. లేదంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అన్నారు.

ఇంటికొస్తుంటే రిక్షాలో నాన్న ఒకటే మాట అన్నాడు. "మీ అమ్మ పోయిన చోటికి నన్ను పంపకమ్మాయ్." అమ్మ ఆసుపత్రికి నడిచి వెళ్లింది, తిరిగి నడిచి రాలేదు. ఆ రోజుల్లో ఎవరేమన్నా నాకు లోపలికి దిగేది కాదు.

పొద్దున ఇంట్లో ప్రార్థన అవగానే, బడికి వెళ్లేముందు, ఆయన ఎదురుగా పీట వేసుకుని గేజీ పట్టుకుని కూర్చునేదాన్ని. నేను టీచర్ని. ఎదుట ఎవరు కూర్చున్నా గొంతు లేస్తుంది. "పడిపోతోంది నాన్నా. ఆరు. మళ్లీ. ఎనిమిది. చాల్లేదు, మళ్లీ!" మొదటి వారం అరుపులతోనే గడిచింది. ఆయన చెమటలు కక్కుకుంటూ ఊదేవాడు. రెండో వారంలో ఒకరోజు ముల్లు పదిహేనుకి ఎక్కి అక్కడే నిలబడింది. మర్నాడూ అంతే. సంతోషమేసిందా అంటే లేదు. ఒక పని అయిందనిపించింది. చెప్పులేసుకుని బడికి వెళ్లిపోయేదాన్ని.

కళ్లె మాత్రం పడలేదు. దాని గురించి నేను ఆలోచించలేదు. ముల్లు నిలబడుతోంది కదా.

రేపు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలనగా, ఆ పొద్దున వీధిలో మిరపకాయల లారీ పోయి ఘాటు ఇంట్లోకి కొట్టింది. తుమ్ము ఆపుకోలేక తల పక్కకు తిప్పాను. అప్పుడు కనబడింది నాన్న చెయ్యి. బొటనవేలు బెజ్జం మీద ఉంది. గాలి పోయే దారి మూసేసి, ఉన్న కాస్త ఊపిరితో ముల్లుని నిలబెడుతున్నాడు. ప్రెస్సు మీద నేర్చిన పనే. వాల్వు కట్టేస్తే ముల్లు ఎక్కడికీ పోదు. గాలే కదలకపోతే కళ్లె ఎలా పడుతుంది?

నెల్రోజులు ఆయనకి మూరెడు దూరంలో కూర్చుని గేజీ తప్ప ఏమీ చూడలేదు నేను.

"ముల్లు నిలబడిందిగా అమ్మాయ్" అన్నాడు, నేను చూశానని తెలిసి.

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. ఆయన వేలు పట్టుకుని పక్కకు జరిపాను. వేలి మీద బెజ్జం గుండ్రంగా అచ్చు పడి ఉంది. "ఇప్పుడు ఊదు నాన్నా" అని బెజ్జానికి ఎదురుగా నా అరచెయ్యి పెట్టాను.

ఊదాడు. చేతికి ఏదో తగిలీ తగలనట్టు తగిలింది. ఆయనకి మిగిలిన ఊపిరి అంతే. గేజీ నా ఒళ్లో, నా వైపు తిరిగి ఉంది. ముల్లు నాలుగు దగ్గర వణికి పడిపోయింది.

"ఎంత?" అన్నాడు.

"పదిహేను."

ముప్పై ఏళ్లు ముల్లు చూసిన మనిషి. నమ్మినట్టే తల ఊపాడు. గొట్టం పంచె చెంగుతో శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చాడు.

"ఆసుపత్రికి దుప్పటొకటి సర్దమ్మాయ్" అన్నాడు.