రెండు కుర్చీల ఫోటో

మా పెద్దమ్మ మారెమ్మ ఫోటోలు హైదరాబాదులో ఒక పెద్ద హాలు నిండా వేలాడాయి. ఆమె ఇంట్లో మాత్రం ఆమె ఫోటో ఒక్కటీ లేదు. నమ్మనివాళ్లు మా ఊరు ముడిమ్యాల వచ్చి చూసుకోవచ్చు. తలుపు దగ్గరికి వేసి ఉన్నా తోసుకుని లోపలికి వెళ్లవచ్చు, ఆమె ఏమీ అనుకోదు. కెమెరాతో వస్తే మాత్రం నేను ఊరుకోను.

మారెమ్మ మా అమ్మకు అక్క. ఆమెకు పిల్లలు లేరు. నేను ఆ ఇంట్లోనే ఆడుకుని, ఆ ఇంట్లోనే తిని పెరిగాను. నా పేరు లిదియా. ఇప్పుడు మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ని. అయినా ఆదివారం చర్చి అయ్యాక నా అన్నం పెద్దమ్మ ఇంట్లోనే.

మా వైపు చర్చికి పోయే ఇళ్లలో ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. మొగుడూ పెళ్లాం రెండు కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నవ్వీ నవ్వకుండా సూటిగా చూస్తుంటారు. దాన్ని బైబిల్ వాక్యాల క్యాలెండర్ పక్కన తగిలిస్తారు. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా జ్ఞాపకార్థ కూటంలో బల్ల మీద పూలదండ వేసి పెట్టేది ఆ పటాన్నే. పెద్దమ్మ ఇంట్లో అది లేదు. వాళ్ల పెళ్లినాడు చేవెళ్ల నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ వానలో కెమెరా తడిపి రీలంతా పాడుచేశాడట. తర్వాత దిగుదాం, ఈ పండక్కి దిగుదాం అంటూ గడిపేశారు. ఆ పటం కోసమని ఆమె మొగుడు, మా పెద్దబాపు మల్లప్ప ఎప్పుడో గోడకు మేకు కూడా కొట్టాడు. దానికి ఇన్నాళ్లూ కూరగాయల సంచి వేలాడింది.

పెద్దబాపు ట్రాలీ ఆటో నడిపేవాడు. ఊళ్లో పండిన టమాటా, క్యారెట్ చేవెళ్ల మార్కెట్‌కు ఆయన బండి మీదే పోయేవి. మీసానికి నూనె రాసి దువ్వుకునే షోకు మనిషి. అలాంటివాడు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఎడమ వైపంతా పడిపోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. అప్పటి నుంచి పటం లేని ఆ మేకు పెద్దమ్మ ప్రాణం తీసింది.

"మీ పెద్దబాపు ఎక్కువ రోజులుండడు లిదియా, నాకు తెల్వదా? మేమిద్దరం కూసున్న ఫోటో ఒక్కటి గోడకుంటే సాలు. ఇంకేం అడుగుత దేవుణ్ని?" అనేది.

నా ఫోన్‌లో తీస్తానంటే ఒప్పుకోలేదు. "ఫోన్ల దిగింది ఫోన్లనే పోతది. మంచి కెమెరాల దిగాలె."

మంచి కెమెరా తనంతట తానే ఇంటికి వచ్చింది.

కనకమామిడిలో వెంకటరావు గారి ఫామ్‌హౌస్ ఉంది. వాళ్లది కోస్తా, ఐటీ ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అక్కడ మొక్కలకు నీళ్లు పట్టే పని పెద్దమ్మది. పక్కింటివాళ్లను పెద్దబాపు మీద ఓ కన్నేసి ఉంచమని చెప్పి, షేర్ ఆటోలో పోయి వచ్చేది. ఆ ఇంటి అమ్మాయి శ్రీవల్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఫోటోలు తీయడం నేర్చుకుంది. ఇంట్లో ఆడవాళ్లు రోజూ చేసే చాకిరీని ఎవరూ చూడరనీ, పెద్దమ్మ చేసే పనులన్నీ ఏడాది పొడుగునా తీసి లోకానికి చూపిస్తాననీ అంది. మంచి మాటే. నేనూ ముచ్చటపడ్డాను. పెద్దమ్మకు మాత్రం ఒక్కటే కావాలి.

"మా ఇద్దరిది ఒకటి తీస్తవా బిడ్డా? కుర్చీలల్ల కూసోని?"

"తప్పకుండా తీస్తాను ఆంటీ," అంది శ్రీవల్లి.

అలా ఆ పిల్ల మా ఇంట్లో మనిషయింది. మనిషి చెడ్డది కాదు, ఆ మాట నేనే చెప్తాను. కింద కూర్చుని మాతో పాటు తినేది. పెద్దబాపుకు మెత్తటి దుప్పట్లు తెచ్చింది. కానీ కెమెరా కంటికి ఆనించిందంటే ఆమెకు మేం కనిపించేవాళ్లం కాదు. పెద్దమ్మ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పెద్దబాపును పక్కకు తిప్పి ఒళ్లు తుడిచి, ఆయన బట్టలు ఉతికి, జావ కాచి తాగించి, అప్పుడు పనికి పోయేది. శ్రీవల్లి దానికి ముందే రావాలి. ఒక్కోసారి ఆలస్యమయ్యేది.

"అయ్యో, ఊడ్చేశారా! వెలుతురు ఇప్పుడే బాగా వచ్చింది. ఇంకోసారి ఊడుస్తారా ఆంటీ?"

పెద్దమ్మ పోగు చేసిన ఆకుల్ని మళ్లీ వాకిట్లో చల్లి మళ్లీ ఊడ్చేది. "చెత్త ఉంటే ఊడుస్తరు. ఊడ్సుడు కోసం చెత్త ఏసుడు గిప్పుడే చూస్తున్న," అని నాతో అని పడీ పడీ నవ్వింది.

పెద్దమ్మ మిక్సీలో తొక్కు చేస్తుంటే శ్రీవల్లి మొహం చిన్నబోయింది. రోలు లేదా అని అడిగింది. ఉంది, పెరట్లో. దాంట్లో కోళ్లు నీళ్లు తాగుతాయి. దాన్ని కడిగించి, మిక్సీని బట్ట కప్పి మూలకు పెట్టి, రోట్లో తొక్కు నూరించింది. పెద్దమ్మ శుభ్రమైన చీర కట్టుకుంటే పాతది కట్టుకోమనేది. చంక కింద చిరుగున్న ఆకుపచ్చ చీర ఆమెకు మరీ ఇష్టం. ఇక పెద్దమ్మ తలెత్తి కెమెరా వైపు చూసిందంటే చాలు.

"ఇటు చూడకండి ఆంటీ. నేనిక్కడ లేననుకోండి."

"ఇంత పొడుగు పిల్ల నడింట్ల నిలవడ్డంక లేదని ఎట్ల అనుకోవాలె?"

అయినా అనుకుంది. కుర్చీల ఫోటో కోసం అన్నీ అనుకుంది.

ఆ ఫోటో క్రిస్మస్ తర్వాత వచ్చిన ఆదివారం దిగారు. పెద్దమ్మ పండక్కి కొన్న వంకాయ రంగు చీర కట్టుకుంది. పెద్దబాపుకు గడ్డం గీసి, తెల్ల చొక్కా తొడిగి, మీసానికి నూనె రాసింది. ఆయనను మంచం మీద నుంచి కుర్చీలోకి తేవడానికి ఇద్దరికీ చచ్చినంత పనైంది. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతున్నాడు. కుర్చీలకు దుప్పటి కప్పి, నేను దాని వెనక గొంతుకూర్చుని ఆయన వీపును రెండు చేతులతో పట్టుకున్నాను. వెన్నెముక నా అరచేతులకు గుచ్చుకుంటోంది. నొప్పికి ఆయన లోపల్లోపల మూలుగుతున్నాడు, అది నాకొక్కదానికే వినిపిస్తోంది.

"కదలకు జర," అంది పెద్దమ్మ. "ముంగటికి చూడు. ఇగో, గా పిల్ల దిక్కు."

ఆ ఒక్కరోజు శ్రీవల్లి ఇటు చూడకండి అనలేదు. క్లిక్కుమన్న చప్పుడు దుప్పటి వెనక నుంచి విన్నాను. పెద్దబాపును పడుకోబెట్టాక చూస్తే ఆయన కుడి కంట్లో నీళ్లు. "అచ్చిందా?" అని అడిగాడు, ఆ ముద్ద మాటతోనే. వచ్చిందని చెప్పి పెద్దమ్మ ఆయన నుదురు తుడిచింది. ఆ రాత్రి మేకు మీది సంచి తీసి వంటింట్లో పెట్టింది.

తర్వాత ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "ఇస్తాను ఆంటీ, అన్నీ కలిపి ఒకేసారి చూడాలి." వానలు మొదలవుతుండగా పెద్దబాపు చనిపోయాడు.

కూటానికి పటం కావాలి. శ్రీవల్లికి ఫోన్ చేస్తే ఊళ్లో లేనంది, కంప్యూటర్ ఇంట్లో ఉందంది. చేసేది లేక చేవెళ్లలో ఆనంద్ బాబు స్టూడియోకు పోయి ఆధార్ కార్డు ఇచ్చాను. అందులోని మొహాన్ని ఆయన నీలం కోటు, ఎర్ర టై వేసుకున్న ఎవరిదో ఒంటి మీద అతికించాడు. అందరికీ అలాగే చేస్తాడు, చనిపోయినవాళ్లంతా ఆఫీసర్లలా ఉంటారు. పెద్దమ్మ దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"గీన ఎవలు లిదియా? మీ పెద్దబాపు కోటెప్పుడు తొడిగిండు?"

ఆ పటానికే దండ వేసి కూటం జరిపించాం. ప్రార్థనంతా ఆమె తల దించుకునే ఉంది. కళ్లు మూసుకుందని అందరూ అనుకున్నారు. ఆ కోటును చూడలేకపోయిందని నాకు తెలుసు. తర్వాత దాన్ని మేకుకు తగిలించాం, వేరేది లేదు కాబట్టి.

"మా ఇద్దరిది ఆ పిల్ల దగ్గరున్నది. అది అచ్చినంక గిది తీసేద్దాం," అంది.

చలికాలం మొదట్లో శ్రీవల్లి ఫోన్ చేసింది. ఫోటోలు ప్రదర్శనకు పెట్టారట, కారు పంపిస్తానంది. కారొద్దని చెప్పి మేం బస్సులో మెహదీపట్నం పోయి, అక్కడ ఆటో ఎక్కాం. పెద్దమ్మ వంకాయ రంగు చీర కట్టుకుంది. పటం చుట్టుకోవడానికి ఉతికిన తువాలు సంచిలో పెట్టుకుంది.

హాలు తెల్లగా, చల్లగా ఉంది. గోడల నిండా పెద్దమ్మే. వాకిలి ఊడుస్తున్న ఆమె వీపు. బట్టలు పిండుతున్న చేతులు. రోలు. ఆకుపచ్చ చీర చిరుగు నా చెయ్యంత పెద్దగా. ఎదురుగోడ మీద అన్నిటికంటే పెద్దది, మంచం మీద పెద్దబాపు. నోరు తెరుచుకుని ఉంది, జావ మూతి పక్క నుంచి కారుతోంది, గిన్నె పట్టుకున్న పెద్దమ్మ చెయ్యి మాత్రం కనిపిస్తోంది. కింద చీటీలో "ముడిమ్యాల, ఉదయం" అని ఉంది. ఆయన పేరు లేదు, ఆమె పేరూ లేదు. దాని ముందు నిలబడి ఒకావిడ కళ్లు ఒత్తుకుంటూ, ఎంత ప్రేమో చూడండి అంటోంది. నా ఒళ్లు మండిపోయింది. మీసం దువ్వకుండా గడప దాటని మనిషి ఆయన.

పెద్దమ్మ ఆ ఫోటోల్లో దేని దగ్గరా ఆగలేదు. ఒక్కొక్కటీ చూసి, ఇది కాదు, ఇది కాదు అన్నట్టు ముందుకు పోయింది. హాలంతా తిరిగి మళ్లీ మొదటికి వచ్చింది. శ్రీవల్లి పరిగెత్తుకొచ్చి ఆమెను కావలించుకుంది.

"రెండు కుర్చీలది ఏడున్నది బిడ్డా?"

"రెండు కుర్చీలా?" శ్రీవల్లికి గుర్తు రావడానికి కొంచెం టైం పట్టింది. "ఓ, అదా! అది పోజిచ్చి దిగింది కదా ఆంటీ. మిగతావన్నీ సహజంగా వచ్చాయి, వాటి మధ్య అతకలేదు."

"ఈడ వద్దు. నాకియ్యి. ఇంట్ల పెట్టుకుంట."

"అది... కంప్యూటర్‌లో చోటు లేక పక్కన పెట్టినవన్నీ డిలీట్ చేశాను ఆంటీ. సారీ. ఇప్పుడు లేదు." తర్వాత ఎదురుగోడ చూపించింది. "ఇది మీకే ఇస్తాను. ఫ్రేముతో సహా."

ఇక నేను ఆగలేకపోయాను. "కోళ్లు తాగే రోలు కడిగిచ్చి తొక్కు నూరిచ్చినవ్. ఊడ్సిన వాకిలి మల్ల ఊడిపిచ్చినవ్. గవి పోజు గావా? మా పెద్దబాపు ఒక్కసారి లేసి కూసున్నదే నీకు పోజయ్యిందా?"

హాల్లో అందరూ మా వైపు తిరిగారు. శ్రీవల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజం నీళ్లే. పెద్దమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని వద్దంది. వాచ్‌మన్ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పెద్దబాపు ఫోటో ముందు వేసింది. గోడ వారగా ఉన్న ఇంకో కుర్చీ తెచ్చి దాని పక్కన వేసింది. ఒక దాంట్లో కూర్చుని, కుచ్చిళ్లు సర్దుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది.

"ఇప్పుడు తియ్యి," అంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తారు. శ్రీవల్లి కళ్లు తుడుచుకుని కెమెరా తీసుకుంది. ఎదురుగా నిలబడి తీస్తుందనుకున్నాను. ఆమె మెల్లగా పక్కకు జరిగి, ఖాళీ కుర్చీ వైపు మోకాళ్ల మీద కూర్చుంది. పెద్దమ్మ ఆమె ఎటు పోతే అటే తల తిప్పి చూసింది.

"ఇటు చూడకండి ఆంటీ," అంది శ్రీవల్లి, మెత్తగా, అలవాటు కొద్దీ.

పెద్దమ్మ కళ్లు తిప్పుకోలేదు. చూస్తూనే కూర్చుంది. ఆమె చూపు మళ్లుతుందేమోనని శ్రీవల్లి వేలు బటన్ మీద పెట్టుకుని ఎదురుచూసింది. అది మళ్లలేదు. కాసేపటికి శ్రీవల్లి ఫోటో తీయకుండానే కెమెరా దించేసింది.

పెద్దమ్మ లేచి సంచి తీసుకుంది. మడత విప్పని తువాలు అందులో అలాగే ఉంది. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. లైటు వేస్తే గోడ మీద నీలం కోటు, ఎర్ర టై. ఆమె దాన్ని మేకు మీంచి తీస్తుందేమోనని చూశాను. కొంగుతో దుమ్ము తుడిచి, వంకరగా ఉంటే సరిచేసి, అన్నం వండడానికి పోయింది.